అర్ధరాత్రి అంటే ఎన్నింటికండీ?

గుంటూరు బ్రాడీపేటలో ఒక పాత మేడ ఉంది. ఏ లైనో, ఏ అడ్డరోడ్డో చెప్పను. చెబితే ఓనరు నన్ను చంపేసి, ఆ ఇంట్లో నిజంగానే ఒక దయ్యాన్ని పెడతాడు. ఆయన మా స్నేహితుడికి బాబాయి, కాబట్టి నాకూ బాబాయే. ఉండేది హైదరాబాదులో, అద్దెల కోసం, ఏడాదికోసారి ఆవకాయ కారం కోసం ఇటు వస్తుంటారు. నేను సివిల్ ఇంజనీర్ని, బ్యాంకు లోన్లకి ఇళ్ల వాల్యుయేషన్లు రాస్తుంటాను. మొన్న మార్చి నెలాఖర్లో, అంటే బ్యాంకుల వాళ్ళు మా ప్రాణాలు తోడేసే వారంలో, ఆయన ఫోన్ చేసి, "ఒరే అబ్బాయ్, ఇల్లు అమ్ముదామనుకుంటున్నా. వచ్చినవాడల్లా దయ్యముందంట గదండీ అని గజానికి ఐదు వేలు తగ్గించి అడుగుతున్నాడు. నువ్వెళ్ళి దాని సంగతేంటో చూడు" అన్నారు. దాని సంగతంటే ఇంటిదా, దయ్యానిదా అని అడిగాను. "రెండూ" అని పెట్టేశారు.

ఇల్లు మాత్రం ముద్దొస్తుంది. ముఖద్వారం మీద సున్నంతో పోసిన రెండు చిలకలు, వాటి మధ్య 1931 అని అంకెలు. ముందు భాగం మద్రాసు టెర్రస్, అంటే టేకు దూలాల మీద పల్చటి ఇటుకల్ని నిలబెట్టి, ఏటవాలు వరసల్లో పేర్చి, గానుగ సున్నంతో బిగించి, పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి దిమ్మిస కొట్టిన కప్పు. ఆ సున్నంలోకి కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసేవాళ్ళు. ఇప్పటి శ్లాబులు ఇరవై ఏళ్ళకే పెచ్చులూడుతుంటే ఇది తొంభై ఏళ్ళ తర్వాత కూడా కింద గదుల్లో చుక్క కారదు. మేడ గది మీద మాత్రం చెమ్మ దిగుతోందని పదేళ్ళ కిందట రేకులు వేయించారు. వెనక వంటింటి భాగం పెంకుటిల్లు, దాని మీద చెక్క అటక. కింద వాటాలో మూడేళ్ళ పాపతో ఒక సంసారం, మేడ గదిలో బ్యాంకు పరీక్షలకి చదువుకునే నలుగురు కుర్రాళ్ళు, దొడ్డి గదిలో ఎప్పటినుంచో ఉంటున్న ఒక మామ్మ. ఇదీ ఇంటి జనాభా, దయ్యాన్ని మినహాయిస్తే.

మొదటి రోజు నేను కొలతల టేపు బయటికి తీయలేదు, అందరినీ కూర్చోబెట్టి అడగడమే చేశాను. అప్పుడు తేలిందేంటంటే ఆ ఇంట్లో ఒక దయ్యం కాదు, కనీసం ముగ్గురు ఉన్నారు. ఎదురు సందులో ఇడ్లీ బండి ఆయన లెక్క ప్రకారం ఆమె కొత్త కోడలు, బావిలో దూకింది. పక్కింటి రిటైర్డ్ మాస్టారి లెక్కలో అతను మగవాడు, పెదనందిపాడు పన్నుల నిరాకరణ రోజుల్లో పోలీసులకి దొరక్కుండా ఇక్కడ దాక్కుని పోయిన వాలంటీరు. ఆ ఉద్యమం జరిగింది 1921-22లో, ఇంటి మీద ఉన్న అంకె 1931, మరి పదేళ్ళు ఆయన ఎక్కడ ఆగాడు మాస్టారూ అంటే కళ్ళజోడు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు. మూడోది కుర్రాళ్ళది, పొగాకు వ్యాపారంలో దివాళా తీసి ఉరేసుకున్న షావుకారు. గుంటూరు కాబట్టి పొగాకు రాక తప్పదు, ఇంకో పదేళ్ళాగితే మిర్చి యార్డు దయ్యం కూడా వస్తుంది.

పాత దస్తావేజులు తిరగేశాను. ఆన్‌లైన్లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందువి కావాలంటే రిజిస్ట్రారాఫీసు బల్లల చుట్టూ తిరగాలి, తిరిగాను. "బావి, వృక్షములు, ద్వారబంధములు సహా" అని ఉంది తప్ప మనిషి ప్రాణం సంగతి ఏ కాగితంలోనూ ఉండదు కదా. మామ్మని అడిగితే, "పెద్దయ్యగారు పోయారు, పెద్దమ్మగారు పోయారు, ఇద్దరూ మంచాన పడే పోయారు. ఇల్లన్నాక పోకుండా ఉంటారా బాబూ" అంది. మామ్మని ఆ రోజు ఇంకో ప్రశ్న అడిగి ఉంటే నాకు మూడు వారాల పని తప్పేది, ఆ సంగతి తర్వాత.

కథలు మూడు రకాలు గానీ, ఒక్క విషయంలో అందరిదీ ఒకే మాట: అర్ధరాత్రి. పైన ఎవరో నడుస్తారు, ఎప్పుడూ అంటే అర్ధరాత్రి. గురక వినిపిస్తుంది, అర్ధరాత్రి. గ్లాసులు కదుల్తాయి, అర్ధరాత్రి. అర్ధరాత్రి అంటే ఎన్నింటికండీ అంటే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

నేను గోడ బీటలకి చేసే పనే దీనికీ చేశాను. బీట పెరుగుతోందో లేదో తెలియాలంటే దాని రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి పక్కన తారీఖు వేస్తాం, నెల తర్వాత వెళ్ళి చూస్తాం. అంతకు మించిన పరికరం అక్కర్లేదు. అలాగే రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని, దానికి పురికొసతో పెన్సిల్ కట్టి, మేడ మెట్ల దగ్గర గూట్లో పెట్టాను. నియమాలు రెండే. చప్పుడు వినగానే ఫోన్లో టైం చూసి అప్పుడే రాయాలి, తెల్లారాక గుర్తు తెచ్చుకుని రాయకూడదు. ‘దయ్యం’ అనే మాట రాయకూడదు, ఏం వినపడిందో అదే రాయాలి.

అదయ్యాక బాత్రూమ్ చూశాను. నవ్వకండి, దయ్యముందని ఎవరన్నా చెబితే ముందు చూడాల్సింది గ్యాస్ గీజరే. 1921లో విలియం విల్మర్ అనే అమెరికా కంటి డాక్టరు ఒక కుటుంబం గోడు వైద్య పత్రికలో అచ్చు వేయించాడు. కొత్తగా చేరిన పాత ఇంట్లో అడుగుల చప్పుళ్ళు, పక్కన ఎవరో నిలబడినట్టు అనిపించడం, తలనొప్పులు, పిల్లలు పాలిపోవడం, కుండీల్లో మొక్కలు చచ్చిపోవడం. చివరికి చూస్తే ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి పాడై కార్బన్ మోనాక్సైడ్ గదుల్లోకి వస్తోంది. దానికి రంగూ వాసనా ఉండవు కాబట్టి మనిషికి తెలియదు, బుర్ర మాత్రం ముందు తిమ్మిరెక్కి, ఆ తర్వాత ప్రాణమే పోతుంది. మేడ మీద బాత్రూంలో నేను అనుకున్నట్టే గీజరు లోపల బిగించి ఉంది, ఉన్న ఒక్క వెంటిలేటర్‌కీ చలికాలంలో ఎవరో అట్టముక్క కొట్టారు. అట్ట పీకించి, గీజరు బయటి గోడకి మార్పించాను. చప్పుళ్ళు ఆగలేదు, కానీ ఆ ఇంట్లో నేను చేసిన అసలైన పని అదొక్కటే అనిపిస్తుంది.

పదిహేను రోజులు పోయాక పుస్తకం తెరిచాను. కుర్రాళ్ళలో ఒకడు తుంటరి, "11.15 రాత్రి. బిర్యానీ వాసన. అడిగితే పెట్టలేదు" అని రాశాడు. దాన్ని పక్కన పెడితే మిగతావి బాగానే రాశారు.

"5.31 సా. పైన నడక. 9 అడుగులు. పడమర నుంచి తూర్పుకి."

"5.26 సా. నడక. 7 అడుగులు. తూర్పుకే వెళ్ళింది. తిరిగి రాలేదు."

"12.50 రా. అలమరలో గ్లాసులు."

"2.10 రా. గురక. మాలో ఎవరూ కాదు, అందరం మేలుకునే ఉన్నాం."

"టైం తెలీదు. గుండెల మీద ఎవరో కూర్చున్నారు. అరుద్దామంటే గొంతు రాలేదు."

నడక మొత్తం పదకొండు సార్లు రాశారు, పదకొండూ సాయంత్రం ఐదూ ఇరవైకీ ఆరుకీ మధ్యే. అర్ధరాత్రి ఒక్కటీ లేదు. అర్ధరాత్రి నడుస్తుందని ప్రమాణం చేసిన కుర్రాడే తన చేత్తో 5.31 అని రాసి, దాని కిందే సంతకం పెట్టాడు. ఇదేంట్రా అంటే వాడే ఆశ్చర్యపోయాడు. అబద్ధం చెప్పాడని నేననను. సాయంత్రం విన్నదాన్ని రాత్రి లైటార్పాక తలుచుకుంటారు, మర్నాటికి అది రాత్రి విన్నట్టే మనసులో ఉండిపోతుంది. నలుగురు నాలుగు సార్లు చెప్పుకునేసరికి గడియారం ముల్లు తనంతట తనే పన్నెండు మీదికి వెళ్ళి కూర్చుంటుంది.

తూర్పుకి వెళ్ళి తిరిగి రాని ఆ నడక మాత్రం నాకు చాలా నచ్చింది. ఇంటికి పడమర, సందు అవతల ఉన్నవాళ్ళు మూడేళ్ళ కిందట పైన ఇంకో అంతస్తు లేపారు. ఎండాకాలం సాయంత్రం ఐదు దాటాక దాని నీడ మన మేడ రేకుల పడమటి అంచు మీద పడి, నెమ్మదిగా తూర్పుకి జరుగుతుంది. పది అడుగుల ఇనుప రేకు 25 డిగ్రీలు చల్లబడితే దాదాపు ఒక మిల్లీమీటరు కుంచించుకుంటుంది. కానీ జే హుక్కులతో బిగించేశారు కాబట్టి హాయిగా కుంచించుకోలేదు, బిగబట్టి బిగబట్టి ఒక్కో హుక్కు దగ్గర ఒక్కసారిగా జారుతుంది, టప్పు అని. నీడ ఎటు జరిగితే చప్పుడు అటు నడుస్తుంది. చెబితే నమ్మరు కదా, అందుకని ఒక మధ్యాహ్నం మూడింటికి, రేకుల మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కే ఎండలో, కుర్రాళ్ళని గదిలో కూర్చోబెట్టి నేను నిచ్చెనెక్కి పడమటి అంచు నుంచి రెండు బకెట్ల నీళ్ళు పోసుకుంటూ వచ్చాను. కింద నుంచి ఒకటే కేకలు. "సార్, నడుస్తోంది! నడుస్తోంది సార్!" మిట్టమధ్యాహ్నం దయ్యాన్ని నడిపించిన ఇంజనీర్ని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

గ్లాసుల సంగతి ఒక్క ముక్కలో తేలిపోయింది, రైలు పట్టాలు దగ్గర, ఆ టైంకి గూడ్సు బండి పోతుంది. అలమర చెక్క కింద పేపరు మడిచి పెట్టాం, ఆగింది.

గుండెల మీద కూర్చున్నదాని గురించి ఆ రాసిన కుర్రాణ్ణి విడిగా టీకి తీసుకెళ్ళి మాట్లాడాను. రాత్రి రెండింటి దాకా చదువు, పొద్దున్నే ఆరింటికి క్లాసు, వెల్లకిలా పడుకునే అలవాటు. కలలొచ్చే నిద్రలో మన ఒళ్ళు కదలకుండా మెదడే కండరాల్ని కట్టేస్తుంది, లేకపోతే కలలో పరిగెత్తినవాళ్ళంతా మంచం మీంచి పడతారు. ఒక్కోసారి మెలకువ ముందొచ్చి ఆ కట్టు విప్పడం ఆలస్యమవుతుంది. కళ్ళు తెరుచుకుని ఉంటాయి, చెయ్యి లేవదు, ఊపిరి బరువుగా ఉంటుంది, కల ఇంకా సగం నడుస్తూనే ఉంటుంది. నిద్ర చాలనివాళ్ళకి, టెన్షన్లో ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ. "ఇది మా ఊళ్ళో ఇంటర్లో కూడా వచ్చింది సార్, మా అమ్మ తాయెత్తు కట్టించింది" అన్నాడు మెల్లగా. అప్పుడు ఈ ఇల్లే లేదు కదరా నీకు అన్నాను. వాడి మొహంలో అంత తేలిక నేను అంతకుముందు చూడలేదు, ఆ టీ డబ్బులు కూడా వాడే ఇచ్చాడు.

ఇక మిగిలింది గురక. ఇక్కడ నేను కొంచెం వెధవనయ్యాను, అది కూడా చెప్పాలి.

మాది అసలు బెజవాడ. పటమటలో నాస్తిక కేంద్రం వాళ్ళు జనం ముందు నిప్పుల మీద నడిచి చూపిస్తుంటే మా నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. గోరా గారు 1940లో ముదునూరులో మొదలుపెట్టిన ఆ కేంద్రం 1947లో బెజవాడ వచ్చింది. అలాంటి చోట పెరిగిన వాణ్ణి కాబట్టి దయ్యాల మీద నాకు భయం కంటే ఎక్కువ జబ్బు ఇంకోటుంది, తెలివైన కారణం చెప్పాలన్న జబ్బు. ఇంగ్లండులో విక్ టాండీ అనే ఇంజనీరు తను పనిచేసే ల్యాబులో దయ్యాన్ని పట్టిన కథ నాకు ప్రాణం. కంటి కొసన బూడిద రంగు ఆకారం కనపడేదట. ఒకరోజు కత్తిసాము కత్తి మరమ్మతుకి తెచ్చి వైజులో, అంటే వస్తువు కదలకుండా పట్టే బిగింపులో, బిగిస్తే దానంతటదే వణికింది. వెతికితే కొత్తగా పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ నుంచి సెకనుకి 19 సార్లు కంపించే ధ్వని వస్తోంది. మన చెవి 20కి కిందవి వినలేదు, ఒంటికి మాత్రం తగులుతుంది. ఫ్యాన్ ఆపారు, దయ్యం పోయింది. 1998లో దాని మీద పేపరు కూడా రాశాడు.

నాకూ అలాంటిదొకటి దొరికితే బాగుణ్ణని ఎంత ఆశో. పక్క బిల్డింగు బోరు మోటారు మీద కన్నేశాను, ఫోన్లో యాప్ దించుకున్నాను, రెండు రాత్రులు మెట్ల మీద దోమలకి రక్తం పోస్తూ కూర్చున్నాను. ఫోన్ మైకు అంత కింది ధ్వనుల్ని సరిగ్గా పట్టదని నాకు ముందే తెలుసు, అయినా కూర్చున్నాను. రెండో రాత్రి 2.20కి గురక వినపడింది. నిజం చెప్తున్నా, ఒళ్ళు జలదరించింది. గురకే, కానీ మనిషి గురకలా ఆగి ఆగి రాదు. స్‌స్‌స్ర్ర్ అని ఈడ్చినట్టు, ఒకటి ఆపితే ఇంకోటి అందుకున్నట్టు, వంటింటి పైనుంచి. లేచి వెళ్ళి చూడాల్సింది పోయి, తెల్లారాక చూద్దాంలే అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పగలు చూస్తేనే అన్నీ తెలుస్తాయి, రాత్రి కెమెరాలేసుకుని తిరిగేవాళ్ళకి ఏమీ దొరకదు అని నా సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ఆ రాత్రి నాకు బాగా ఉపయోగపడింది.

పొద్దున ఏడింటికి నిచ్చెన వేసి అటక తలుపు తోశాను. మొదట వాసన, ఆ తర్వాత చెక్కల మీద నల్లటి ఉండలు. బొటనవేలంత లావు, కొన్ని తడిగా నిగనిగలాడుతున్నాయి, కొన్ని ఎండి బూడిద రంగుకి తిరిగాయి. ఒక ఎండినదాన్ని చేతిలోకి తీసుకుని విప్పితే ఉన్నిలా మెత్తటి బొచ్చు, అందులో సూదుల్లాంటి ఎముకలు, నారింజ పసుపు రంగు పళ్ళతో సహా చిన్న దవడ. ఆ ఒక్క ఉండలో మూడు పుర్రెలు, రెండు ఎలుకవి, ఒకటి చుంచుది, చింతగింజంత కూడా లేదు. నేను ఇంకా పుర్రెలు లెక్కపెడుతుండగానే మూల నుంచి స్‌స్‌స్ర్ర్ అని మొదలైంది. తెల్లటి దూదిలో ముంచి తీసినట్టు మూడు పిల్లలు, హృదయం బొమ్మలాంటి మొహాలు, నన్ను చూసి తలలు కిందికి దించి అటూ ఇటూ ఊపుతున్నాయి. గుడ్లగూబ పిల్లలు, పాత ఇళ్ళలో, గుడి గోపురాల్లో ఉండే తెల్ల రకం. ఆకలేస్తే రాత్రంతా ఇలా గురక పెట్టినట్టే అరుస్తాయి. తల్లి వెంటిలేటర్ కన్నంలోంచి వస్తుంది, ఎగిరితే రెక్క చప్పుడుండదు, వీధి లైటు కింద చూస్తే తెల్లచీర ఎగిరిపోయినట్టుంటుంది. ఇడ్లీ బండి ఆయన కొత్త కోడలు తెల్లచీర ఎందుకు కట్టుకుందో అప్పుడర్థమైంది.

దిగి వచ్చేసరికి మామ్మ పొయ్యి దగ్గర కూర్చుని నన్నే చూస్తోంది.

"ఎన్ని పిల్లలు బాబూ ఈసారి?" అంది.

"నీకు తెలుసా మామ్మా?"

"తెలవకేం. ఏటా పెడతాయిగా."

"మరి చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు? నువ్వు చావుల గురించి అడిగావు, చెప్పా." కాసేపాగి, గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పమాక. దయ్యమనే అనుకోనీ" అంది.

నాకు అర్థం కాలేదు. ఇంత కష్టపడి పట్టుకున్నాక చెప్పకుండా ఎలా ఉంటాను? ఆ సాయంత్రమే అందరినీ ముందు గదిలో కూర్చోబెట్టి, పేపరు మీద పుర్రెలు పరిచి, ఫోన్లో తీసిన పిల్లల వీడియో చూపించి పాఠం చెప్పాను. కుర్రాళ్ళు ఎగబడి చూశారు. కింద వాటా ఆవిడ మాత్రం వీడియో చూస్తూ చూస్తూ పాపని ఒళ్ళోకి లాక్కుంది.

"గూబా అన్నయ్యగారూ? ఇంట్లోనా?"

అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి. గూబ ఇంట్లో దూరితే ఇల్లు పాడుపెట్టాలని మన వైపు నమ్మకం. మామ్మ ఎందుకు వద్దందో అది. నేను ఏదేదో చెప్పాను, ఎలుకలు తింటుందమ్మా, మనకి మేలే, దాన్ని కదిలించడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, రెండు నెలల్లో పిల్లలెగిరిపోతాయి అని. ఆవిడ అంతా మర్యాదగా విని, "దయ్యమైతే ఆంజనేయ దండకం చదువుకుని పడుకున్నాం అన్నయ్యగారూ. గూబకేం చదవమంటారు?" అంది. దయ్యంతో రెండేళ్ళు కాపురం చేసిన సంసారం గూబ సంగతి తెలిసిన నాలుగో రోజు సామాను ట్రాలీ ఆటో ఎక్కించింది.

బాబాయి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. చివరికి ఇల్లు అమ్మడం మానుకున్నారు, అది వేరే కథ. పిల్లలు ఎగిరిపోయే దాకా ఆగమని బతిమాలితే ఆగారు. అవి ఎగిరిపోయాక, జులైలో, వెంటిలేటర్‌కి ఇనుప జాలీ కొట్టించి, అటక కడిగించి, సున్నం వేయించి కింద వాటా కొత్తవాళ్ళకి ఇచ్చారు. జాలీ వద్దు బాబాయ్ అన్నాను. వింటేనా. మామ్మ కూడా అందట, ఎలుకలకి దారిస్తున్నారు అయ్యగారూ అని.

మొన్న ఆదివారం రాత్రి కొత్తగా చేరినాయన ఫోన్ చేశాడు. నా నంబరు బాబాయే ఇచ్చారట. వంటింటి మీద అటకలో ఎవరో పరిగెడుతున్నారండి, ఒకళ్ళు కాదు, చాలామంది, సామాను ఈడుస్తున్నట్టు కూడా ఉంది, పాత ఇల్లు కదా, ఇంతకుముందు ఇక్కడేదో ఉందని వీధిలో అంటున్నారు, మా ఆవిడ భయపడుతోంది అన్నాడు.

"ఎన్నింటికండీ?" అన్నాను.

"అర్ధరాత్రి సార్."

మెట్ల దగ్గర గూట్లో ఒక నోట్‌బుక్ ఉంటుంది, ఇంకా నూట డెబ్బై పేజీలు ఖాళీ, పెన్సిల్ మాత్రం చెక్కుకోవాలి అని చెప్పాను.